ఒక కంటికి రెండు కిటికీలు

"ముద్ర వెయ్యండి కుమగాయ్ గారూ, మీటింగుకి పావుగంటే ఉంది," అంది షిహో.

కుమగాయ్ సంతకానికి బదులు వేసే తన పేరు ముద్ర చేతిలో పట్టుకునే డ్రాయింగు మీదికి వంగాడు. ఆ కెమెరా ఫ్యాక్టరీలో కన్ను పెట్టి చూసే కిటికీకి ముప్ఫై ఏళ్లుగా గాజు అరగదీస్తున్నది ఆయనే. ఇప్పుడీ ఎలక్ట్రానిక్స్ పిల్ల అదే కిటికీలోకి తన బుల్లితెరనూ తెస్తానంటోంది. మీట తిప్పితే గాజుకు మూత పడి, తెర వెలుగుతుందట.

డ్రాయింగు మూలన ముద్రల గడుల్లో, చిన్న ఉద్యోగుల అలవాటు ప్రకారం, పెద్దవాళ్లకి వంగి దండం పెట్టినట్టు, ఆమె ముద్ర పక్కనే ఖాళీగా ఉన్న ఆయన గడి వైపు వాలి ఉంది.

"దండాలు పెట్టేవాళ్లంటేనే నాకు భయం. ఈ ఏడు పక్కన కాస్త చోటిమ్మంటావు, వచ్చే ఏడు నా గాజునే బయటికి నెడతావు."

షిహో నమూనా కెమెరా అందించింది. ఆయన తెర వెలిగించి, కన్ను ఆనించి, ఉన్నట్టుండి బ్యాటరీ ఊడబీకాడు. చీకటి కోసం చూశాడు.

టక్కుమంది. మూత దానంతటదే తెరుచుకుంది. గాజులో షిహో ముఖం తేటగా కనబడింది.

"ఇదేంటి?"

"స్ప్రింగండీ. నా తెర ఆరిపోతే చూసేవాడు గుడ్డివాడైపోకూడదుగా. మీ గాజుకి బ్యాటరీ అక్కర్లేదు."

"ఖర్చు దండగని మీవాళ్లు తీసెయ్యమనలేదా?"

"మూడుసార్లన్నారు. మీ ముద్ర పడితే ఇక తియ్యలేరు."

కుమగాయ్ ముద్ర గుద్ది కాగితం ఆమె ముందుకు తోశాడు.

ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆయన ముద్ర చిన్నవాళ్ల గడి వైపు వాలింది.