తూర్పుకు రెండు కిలోమీటర్లు

"తప్పు చేసిన్నని రాసియ్యాల్నా? సంతకం గూడ పెట్టి?" ఎర్నెస్ట్ చేతిలోని టీ కప్పు సాసర్‌లో ఠంగుమంది.

శ్రీనిధి లాప్‌టాప్ సంచి ఒళ్లోకి లాక్కుంది. ఆబిడ్స్‌లో ఈ రిటైర్డు జియాలజిస్టు ఇంటికి వెళ్తున్నానంటే తను పనిచేసే నాంపల్లి చమురు కంపెనీ ఆఫీసులో అందరూ ఒకే మాట అన్నారు: పెద్దాయన ముక్కోపి, జాగ్రత్త.

"నన్ను తిట్టుకోకున్రి సర్. పాత మ్యాపు గీసింది మీరే గద, మీరు తప్పు ఒప్పుకుంటేనే చమురు బావి చోటు మారుస్తమని కమిటీ చైర్మన్ జగన్మోహనరావు సార్ అన్నరు. లేకుంటే సోమవారం పాత చోటనే సముద్రంల డ్రిల్లింగ్ మొదలైతది. గాడ చమురు లేదు సర్. నా మూడేండ్ల కష్టం గంగల కలుస్తది."

"గంగల కాదు, బంగాళాఖాతంల. ఏదీ, చూపియ్."

ఆమె లాప్‌టాప్ తెరిచింది. సముద్రం అడుగుకు పంపిన శబ్దం తిరిగొస్తే, దాన్నిబట్టి గీసిన బొమ్మ అది. శబ్దాలు పదిహేనేళ్ల కిందటివే, లెక్క మాత్రం కొత్తది.

"నడుమ గ్యాసు పొర ఉంది సర్. దాంట్ల శబ్దం మెల్లగ నడుస్తది. అందుకే కింది గుట్ట కుంగినట్టు కనబడ్డది. అసలు శిఖరం, చమురు చేరే చోటు, పాత చోటికి తూర్పుకు రెండు కిలోమీటర్లు."

"గుట్ట ఉంటే సరా? చమురు నిలవాల్నంటే ఇసుకరాయి కావాలె. ఆ ఇసుక ఏడికెళ్లి వచ్చింది?"

శ్రీనిధి తెర మీది బొమ్మను పెద్దది చేసి వెతికింది.

"పాత గోదావరి పాయ ఆ దిక్కే పారింది. గది రాయకుంటే ఎట్లా? రంగుల బొమ్మ చూసి కమిటీ మురుస్తదనుకున్నవా? రాస్కో!"

గంటసేపు ఆమెను ఉతికి ఆరేశాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నా వదల్లేదు. చివరికి కాగితం లాక్కుని, 'చోటు ఎంపికలో తప్పు పూర్తిగా నాదే' అని రాసి సంతకం గీకాడు. శ్రీనిధి మొహం వెలిగిపోయింది. కాగితం పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున దిగిపోయింది.

భార్య మాబెల్ వంటింట్లోంచి విసవిసా వచ్చింది. "ముప్పై ఏండ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు, చేజేతుల చెడగొట్టుకున్నరు! మీతోటే ఒప్పియ్యాల్నని ఆ జగన్మోహనరావుకు ఏందంత పట్టు?"

ఎర్నెస్ట్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"అప్పుడు నేను గుర్తు పెట్టింది ఆ పిల్ల చూపించిన చోటే, దాన్ని పక్కకు జరిపించింది ఆయన."