జెమీమాను చూసుకునే ఆవిడ

అమెరికాలో ఉన్న యాభై రాష్ట్రాల్లో నలభై తొమ్మిదింటిని యోలాండా ఒంటిచేత్తో స్టీరింగ్ పట్టుకుని చుట్టేసింది. ఆ మిగిలిన ఒక్కదాన్నీ వదిలేదే కాదు, నడుమ సముద్రం అడ్డొచ్చింది. అంతటి మనిషిని పలకరించడానికి తెలుగు వీడియో చానల్ నళిని ఐసెలిన్ ఊరి నుంచి కెమెరా వేసుకుని హెర్న్‌డన్‌లో ఆమె ఇంటి దాకా వచ్చిందంటే వింతేముంది?

"ఎన్ని స్టేట్స్ తిరిగారు, యోలాండా గారూ?"

"పదకొండు."

సరే, పదకొండే. నలభై తొమ్మిది అన్న మాట కొట్టేసుకోండి. అయినా ఆమె తిరిగిన తీరుకి ఆ పదకొండే నలభై తొమ్మిది పెట్టు.

యోలాండా నల్లజాతి అమెరికన్. కట్టుకున్నది కాకినాడ నుంచి వచ్చిన షాలేం రాజుని. ఎనిమిదేళ్ళ కూతురు జెమీమా మాత్రం నానమ్మ ప్రేమజ్యోతి పోలిక. పాలమీగడ రంగు, దువ్వెన జారిపోయే జుట్టు. అత్తగారు వచ్చి వీళ్ళతో ఉండబట్టి నాలుగేళ్ళయింది. యోలాండా తెలుగంతా ఆవిడ నోట విని పట్టుకున్నదే.

"ట్రిప్ అంటే ఫస్ట్ ఏం ప్యాక్ చేస్తారు?" అడిగింది నళిని.

యోలాండా లేచి కారులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి చూపింది.

"జెమీమా బర్త్ సర్టిఫికెట్."

"అదెందుకండీ?"

"మోటెల్‌లో అడుగుతారు, గ్యాస్ స్టేషన్‌లో అడుగుతారు, ఈ పాప ఎవరి పాప అని. మా ఆయన్ని ఎవ్వరూ అడగలేదు, నన్నే అడుగుతారు. టీవీలో చూడండి, నాలాంటివాళ్ళు ఏడుస్తూ ఉంటారు, లేకపోతే ఎవరి పిల్లలకో అన్నం పెడుతూ ఉంటారు. ఒక్కసారి, సెలవులకి వెళ్ళే అమ్మలాగా చూపించండి. నాకదే గౌరవం."

నళిని కళ్ళు తుడుచుకుంది. "ప్రామిస్ అక్కా."

సోఫాలో ప్రేమజ్యోతి నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. కంటి ఆపరేషనై వారమే అయింది.

"నానమ్మా, యూ లుక్ లైక్ సినిమా స్టార్!" అంది జెమీమా.

"ఉండనూ మరి! నువ్వొచ్చి నీ ఇంగ్లీషు బైబిలైనా చదివి వినిపించవే. స్టార్‌కి అక్షరం ముక్క కనపడి చావట్లేదు."

కెమెరా సర్దుకుంటూ నళిని ఒక తెల్లకాగితం బల్లమీద పెట్టింది. "అందరి పేర్లూ, ఎవరు ఏమవుతారో తెలుగులో రాసివ్వండి. స్క్రీన్ మీద అవే వేస్తాం. తప్పు పడితే మీ చుట్టాలు మమ్మల్ని బతకనివ్వరు."

యోలాండాకి తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం, చదవడం రాదు. టీ పొంగుతోందని, కాగితాన్ని మొగుడికీ అత్తగారికీ వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది.

రెండు ఆదివారాల తర్వాత తెలుగు చర్చిలో ఆరాధన ముగిశాక, అందరూ బిర్యానీ పళ్ళాలు పట్టుకుని హాల్లో పెద్ద తెర ముందు చేరారు. చర్చి పెద్ద సత్యం అంకుల్ ల్యాప్‌టాప్ తగిలించాడు. తెరమీద షాలేం రాజు నవ్వాడు. కింద 'షాలేం రాజు గారు' అని పడింది. 'ప్రేమజ్యోతి గారు' అని పడింది. చప్పట్లు. తర్వాత యోలాండా. సండే స్కూల్లో కొత్తగా తెలుగు అక్షరాలు నేర్చిన జెమీమా అందరికీ వినపడేలా కూడబలుక్కుంటూ చదివింది.

"జె-మీ-మా-ను... చూ-సు-కు-నే... ఆ-వి-డ."

చప్పట్లు సగంలో ఆగాయి.

"అమ్మా, వాళ్ళు రాంగ్ రాశారు!"

బర్త్ సర్టిఫికెట్ మాటే వీడియోలో లేదు. మొత్తం నాలుగు నిమిషాలు. అందులో యోలాండా జెమీమాకి జడ వేయడం, అన్నం పెట్టడం. కింద ఎవరో కామెంట్ పెట్టారు. సత్యం అంకుల్ తెర ఆర్పేలోపే పదిమందీ చదివారు: 'పనమ్మాయి తెలుగు భలే మాట్లాడుతోందే!'

కారెక్కగానే యోలాండా ఫోన్ చేసింది.

"నేను అమ్మనని చెప్పాను కదా, నళినీ!"

"సారీ అక్కా. లెంత్ ఎక్కువైందని ఎడిటర్ ఆ బిట్ తీసేశాడు. పేర్లు మాత్రం మీ ఇంట్లో రాసిచ్చినవే. కావాలంటే ఆ పేపర్ ఫొటో పంపుతాను."

"మార్చండి."

"తీసేస్తే వ్యూస్ అన్నీ పోతాయక్కా. అరవై వేలు దాటాయి. ఇంకో ఎపిసోడ్‌లో చూద్దాం."

ఇంకో ఎపిసోడ్ ఉండదని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

ఫొటో వచ్చింది. యోలాండా ఒంటిచేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఫోన్‌ని పక్కసీట్లో మొగుడి ముందు పెట్టింది. షాలేం రాజు ఫొటో పెద్దది చేసి చూశాడు.

"అమ్మ రాత" అన్నాడు.

అవును, ప్రేమజ్యోతి రాతే. గుండ్రంగా, పొందిగ్గా, ఒక్క కొట్టివేతైనా లేకుండా ఉంది.

"ఎందుకు రాశావమ్మా అలా?" వెనక సీటు వైపు తిరిగి అరిచాడు. "నీ కోడలు కాదా?"

ప్రేమజ్యోతి నల్లద్దాలు కిటికీ వైపు తిప్పుకుంది.

"నేనే రాశాన్లేరా" అంది. "కాకినాడలో మనవాళ్ళు చూస్తారని."

జెమీమా నానమ్మ ఒళ్ళోంచి తల తీసేసుకుంది.

ఇల్లు చేరాక అత్తగారూ పిల్లా దిగి లోపలికి వెళ్ళారు. యోలాండా కదల్లేదు. ప్లాస్టిక్ కవరు చేతిలోకి తీసుకుంది.

"పదకొండు స్టేట్స్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళకి చూపించాను దీన్ని. ఇంక ఇంట్లో కూడా చూపించాలా?"

"పెద్దావిడ. వదిలెయ్, యో."

"వదిలేశాను. ఎవరినీ ఏమీ అడగను. ఇంక నాకు మిగిలింది నువ్వొక్కడివే."

షాలేం రాజు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటే, ఆ చేతిరాత అత్తగారిదన్న మాట. అక్షరం ముక్క కనపడని ఆవిడది కాదు, మొగుడిది.