విడాకులు లేని అప్పు

“పెట్టు సంతకం!” అంటూ షాంటెల్ కాగితాన్ని అద్దం ముందున్న బల్ల మీద చరిచింది. ఆ అదురుకి నూనె సీసా ఒకటి దొర్లి కింద పడింది.

నెడ్రా తొణకలేదు. కుర్చీలో మిస్ హోర్టెన్స్ కూర్చుని ఉంది. ఆవిడ జుట్టుపాయ వేడి దువ్వెనలో ఉంది. దాన్ని చివరిదాకా సాపుగా లాగి, దువ్వెన పొయ్యి మీద పెట్టి, అప్పుడు తలెత్తింది. శనివారం పూట పార్లర్‌లో తిట్టడానికొచ్చిన ప్రతి మనిషి కోసం పని ఆపితే అద్దె ఎవరు కడతారు?

“నువ్వు గార్లండ్ భార్యవి కదూ?” అంది.

“భార్యనే. ఒక్కగానొక్క భార్యని. మరి ప్రభుత్వం కాగితాల్లో ఆయన పేరు పక్కన నీ పేరెందుకుంది?”

మిస్ హోర్టెన్స్ మెడ సాచింది. “ఏం కాగితమే నెడ్రా?”

“చదువు అప్పు, మిస్ హోర్టెన్స్. పెళ్ళైన కొత్తలో గార్లండ్‌కి ఏడు అప్పులు, నాకు మూడు. పది బిల్లులు, పది తేదీలు. అన్నీ ఒక్కటి చేసుకుంటే ఒకే బిల్లు కదా అని ఇద్దరివీ కలిపేశాం. విడాకులప్పుడు జడ్జిగారు ఇల్లు పంచారు, ట్రక్కు పంచారు, కుక్కని కూడా వారానికొకరి దగ్గర ఉండమన్నారు. అప్పు మాత్రం విడదీయడానికి అప్పట్లో చట్టం లేదన్నారు.”

“ఇప్పుడుంది,” అంది షాంటెల్. “ఇద్దరూ సంతకం పెడితే ఎవరిది వాళ్ళకి వేరైపోతుంది. ఆయన చేత పెట్టించాను. ఫుట్‌బాల్ ఆట మంచి పట్టులో ఉండగా టీవీ ఆపేస్తే, చదవకుండానే పెట్టాడు.”

“గార్లండ్ పెట్టాడా!” అంది నెడ్రా.

చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. “ఆయనదే. చివర ఈ తోక అలాగే గీస్తాడు.”

“ఆయన తోకల సంగతి నీకెందుకు? నీ సంతకం సంగతి చూడు.”

నెడ్రా నిట్టూర్చింది. “అప్పులు కలిపి ఇరవై రెండేళ్ళు, షాంటెల్. ఇంటిపేరు మార్చుకున్నాను. తాళాలు మార్చుకున్నాను. నెలనెలా ఆ బిల్లు మీద మాత్రం మా ఇద్దరి పేర్లూ పక్కపక్కనే వస్తాయి. మాకు మిగిలింది అదొక్కటే.”

“పక్కపక్కనే!” షాంటెల్ ముఖం కందగడ్డయింది. “అదే వద్దంటున్నాను!”

“విడదీస్తే ఎవరికెంత పడుతుందో లెక్క చూసుకున్నావా మరి?”

“నాకు లెక్కలొద్దు. పేర్లు వేరైతే చాలు. రేపు చర్చిలో తెలిస్తే ఏమంటారు? షాంటెల్ మొగుడికి ఇంకో పెళ్ళాం ఉంది, సర్కారే రాసిచ్చింది అనరూ?”

“నేనైతే అనను తల్లీ,” అంది మిస్ హోర్టెన్స్. “నా పక్క వరసలో వాళ్ళ సంగతి మాత్రం చెప్పలేను.”

అమ్మేవాళ్ళు నోరు మూసుకుంటే కొనేవాళ్ళే ధర పెంచుతారు. నెడ్రా నోరు మూసుకుని దువ్వెన వేడి చూసుకుంటోంది.

షాంటెల్ సంచీ తెరిచింది. “ఇరవై డాలర్లిస్తాను.”

నెడ్రా దువ్వెనని పొయ్యి మీద అటు నుంచి ఇటు తిప్పింది.

“యాభై.”

“డబ్బుతో తెగేదా ఇది?”

“వంద! స్టాంపులు కూడా నావే.”

“పెట్టెయ్యవే నెడ్రా,” అని విసుక్కుంది మిస్ హోర్టెన్స్. “సగం తల సాపుగా, సగం తల పొదలా ఎంతసేపు కూర్చోను?”

నెడ్రా తువాలు కొసతో కళ్ళొత్తుకుంది. చూపించిన మూడు చోట్లా సంతకం పెట్టి, తేదీ వేసింది. వంద డాలర్ల నోటు మడతపెట్టి జేబులో వేసుకుని, “రసీదు కావాలా?” అని అడిగింది.

షాంటెల్ కాగితాన్ని కవరులో పెట్టి, అంచు నాలుకతో తడిపి అంటించి, తల ఎగరేసుకుంటూ బయటికి నడిచింది. రోడ్డు దాటి తపాలా పెట్టెలో కవరు పడేసింది. పడిందో లేదో అని పెట్టెని ఒకసారి చేత్తో కొట్టి చూసి మరీ కారెక్కింది.

మిస్ హోర్టెన్స్ నెడ్రా చెయ్యి పట్టుకుంది. “పాపం, ఉన్న ఆ ఒక్క ముడీ తెగిపోయింది. దిగులు పడకు తల్లీ.”

“దిగులా? మొత్తం యాభై ఎనిమిది వేలండీ అది. నా వాటా పదకొండు. మిగతా నలభై ఏడు వేలూ గార్లండ్‌వి. తొమ్మిదేళ్ళుగా ఆయన ఒక్క డాలరు కట్టలేదు. కట్టేది నేను, ఆలస్యమైతే ఫోన్లో మాటలు పడేదీ నేను. ఆయన సంతకం కోసం ఏడాదిగా తిరుగుతున్నాను. నా కారు వీధి మలుపులో కనబడితే చాలు, వెనక తలుపులోంచి ఉడాయిస్తాడు.”

మిస్ హోర్టెన్స్ గిరుక్కున తిరిగింది. నెడ్రా చేతిలోని దువ్వెనకి చెవి కాలడం వెంట్రుకవాసిలో తప్పింది.

“మరి ఆ పిల్లకి ఈ అప్పు సంగతి ఎవరు చెప్పారే? గార్లండ్ చచ్చినా చెప్పడే!”

నెడ్రా ఇంకో జుట్టుపాయ తీసింది.

“ఎడమచేత్తో ఆకాశరామన్న ఉత్తరం రాయడం ఎంత కష్టమనుకున్నారు, మిస్ హోర్టెన్స్? మూడు కాగితాలు పాడయ్యాయి.”