ఇరవై మిల్లీలీటర్ల విందు

"నోరు తెరువు!" అంది నర్సు లమారా.

ఒనిసె తెరవలేదు. నుదుటి మీద వేసిన తడిగుడ్డ సగం అతని నోట్లోనే ఉంది. ఆమె ఒక్క లాగు లాగింది.

"దొంగవెధవా! మొన్న ఐసు సంచి కొరికి తాగావు, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగింది. ఇంకోసారి దిగిందంటే గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టడమే. మళ్లీ లేస్తావని డాక్టరు కూడా మాటివ్వలేడు."

ట్రాక్టరు కింద కాళ్లు నలిగి కుటాయిసి పట్నం ఆసుపత్రికి వచ్చాడు ఒనిసె. నలిగిన కండల్లోంచి పుట్టిన విషం కిడ్నీలను మూలన పడేసింది. ఒంట్లో నాలుగు కిలోల నీరు చేరింది, నోరు మాత్రం ఇసుక. రోజుకి నాలుగు వందల మిల్లీలీటర్లే తాగాలి. బతకాలని అతనికి ఎంతో ఉంది, కానీ దాహం మాట వినడం లేదు.

"ఎంతసేపు ఏడుస్తావురా?" అన్నాడు పక్క మంచం ముసలాయన.

ఛాతీ నిండా పట్టీలతో, చేతికి సెలైనుతో ముందురోజే వచ్చాడాయన. పేరు అంబ్రోసి. ఊళ్లో ఏ విందు జరిగినా బల్ల పెద్ద, అంటే తమదా, ఆయనే. తమదా నాలుగు మంచి మాటలు చెప్పి గ్లాసెత్తేదాకా బల్ల దగ్గర ఎవరూ గుక్క వేయకూడదు.

"లమారా తల్లీ, వాడి నీళ్లు సిరంజితో ఇరవై చొప్పున పొయ్యి. నాకూ అంతే."

లమారా ఆయన వంక ఒక్క క్షణం చూసి, పోసింది.

"నీకూ ఇంతేనా తాతా?" అన్నాడు ఒనిసె జాలిగా.

"ఒక బల్ల, ఒకటే కొలత. నేను చెప్పకముందు చుక్క ముట్టావో, నీ వంశం పరువు గంగలో కలిసినట్టే!"

"నీళ్లతో విందా? మా నాన్న వింటే చెప్పు తీస్తాడు."

"అయితే మొదటిది ఆయనకే. నీలాంటి మొండిఘటాన్ని పెంచిన మహానుభావుడికి! గౌమార్జోస్! ఆయనకి జయం!"

అలా రోజుకి ఇరవై సార్లు. చనిపోయినవాళ్లకి, తల్లులకి, పొరుగింటి ఆవుకి, చివరికి ఆ ట్రాక్టరుకి కూడా. ఒక్కో మాట పావుగంట సాగేది. ఎంత మాటకారి! వింటూంటే దాహం కూడా కాసేపు కుదురుగా కూర్చునేది. మాట మధ్యలో ఆయన ఛాతీ పట్టుకుని ఆగితే, తాతకీ గొంతు ఎండిపోతోంది కాబోలు అనుకునేవాడు ఒనిసె.

ఒక మధ్యాహ్నం ఒళ్లు తుడిచే ఆవిడ నీళ్ల గిన్నె చేతికందేంత దగ్గర మరిచిపోయింది. అంబ్రోసి నిద్రపోతున్నాడు. ఒనిసె చెయ్యి గిన్నె దాకా వెళ్లింది. తమదా ఇంకా మాట చెప్పలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, పళ్లు బిగించి పడుకున్నాడు.

పదకొండో రోజుకి మూత్రం ధారాళంగా వచ్చింది. బరువు దిగింది. ఊపిరితిత్తులు తేటపడ్డాయి. "గండం గడిచింది, కడుపారా తాగు," అన్నాడు డాక్టరు.

మామూలు వార్డుకి తీసుకెళుతుంటే ఒనిసె వెనక్కి తిరిగి చూశాడు. అంబ్రోసి గుర్రుపెడుతున్నాడు.

"తాతనీ తొందరగా నీళ్లు తాగనివ్వండక్కా. పాపం, నాతో సమానంగా మాడాడు. ఆయన కిడ్నీలు ఎప్పటికి తేరుకుంటాయట?"

లమారా చక్రాల కుర్చీ ఆపి, అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆయన కిడ్నీలకి ఏ జబ్బూ లేదురా."