మిరపకాయకి బేరమొచ్చింది

"ఏమండీ, బేరం తగిలింది! అడిగినంతా ఇస్తారట! ఒక్క రూపాయి తగ్గించమని కూడా అనలేదు!"

ఫోను చేత్తో పట్టుకుని ఆమె వంటింట్లోంచి హాల్లోకి ఒక్క గెంతు గెంతింది.

అమ్మకానికి పెట్టింది కింద పార్కింగులో ఉన్న చిన్న ఎస్‌యూవీని. సెకండ్ హ్యాండ్ బండి. పండుమిరప రంగు. పెళ్లికి ముందు కొని, పెళ్లయ్యాక తాళాలు ఆమె చేతిలో పెట్టాడు మొగుడు. ఆమె దానికి ముద్దుగా 'మిరపకాయ' అని పేరు పెట్టుకుంది. నెల తిరక్కుండానే ఆ ముద్దు కాస్తా మంటయింది. మొదట క్లచ్ పోయింది, దాంతోపాటు కొండల మీదికి వెళ్దామనుకున్న హనీమూన్ పోయింది. ఏసీ కంప్రెసర్ వచ్చి వాషింగ్ మెషీన్ని మింగేసింది. చిన్న గతుకొస్తే చాలు, ముందు చక్రాల దగ్గర లటక్ లటక్. ఆ బుష్షులవీ మార్పించేసరికి సోఫా ఊసు మానేసి చాప పరుచుకున్నారు. నిన్న ఆమె ఇంటర్వ్యూకి వెళ్తుంటే, కప్పు మీది అద్దం సందులోంచి వాననీళ్లు సరిగ్గా ఆమె నడినెత్తిన ధార కట్టాయి. ఇంటికొచ్చి తల తుడుచుకోకుండానే ఫొటో తీసి ప్రకటన పెట్టేసింది.

"ఎవరట?" అన్నాడు మొగుడు, చొక్కా గుండీ పెట్టుకుంటున్నవాడు ఆగిపోయి.

"రిటైరైన డ్రాయింగు మాస్టారట. దగ్గర్లోనే ఉన్నారట, వచ్చేస్తున్నారు."

అతని మొహం వాడిపోయింది. "ఇంకొన్నాళ్లు ఉంచుకుందాంలే..."

"ఎందుకూ? ఇంట్లో ఇంకా మంచం మిగిలిందనా?" కస్సుమంది ఆమె. "అసలు నా మంట బండి మీద కూడా కాదు. దీన్ని మనకి అంటగట్టాడే, ఆ పాత ఓనరు మీద! కడిగి, తుడిచి, సెంటు కొట్టి అమ్మాడు గానీ ఒక్క రోగమైనా చెప్పాడా? ఆ ముదనష్టపు మనిషి ఎదురుపడాలి, జుట్టు పట్టుకుని ఇదే పార్కింగులో ఈడుస్తాను!"

"పోనిద్దూ. పాపం, ఆయన తప్పేముంది?"

"ఎప్పుడు చూడూ ఆయన్ని వెనకేసుకొస్తారు! బ్రోకరు దగ్గర కొన్నానంటారు, ఓనరు మొహమే చూళ్లేదంటారు. మీకేమన్నా చుట్టమా, పక్కమా?"

"నేను స్నానం చేసొస్తా."

"పొద్దున్నే చేశారుగా!"

అప్పటికే బాత్రూం గడియ పడింది.

మాస్టారు వచ్చారు. నున్నటి గుండు, నెరిసిన మీసాలు, ఇస్త్రీ నలగని చొక్కా. ఆమె తాళాలు ఆయన చేతికిచ్చి కిందికి తీసుకెళ్లింది. మెట్లు దిగుతుంటే గుండెలో ఏదో ముల్లు కలుక్కుమంది. చెప్పకుండా అమ్మితే తనకీ ఆ పాత ఓనరుకీ తేడా ఏముంది?

"బాబాయ్ గారూ, బేరం పోతే పోయింది. ఈ బండికి లేని రోగం లేదు. వానొస్తే కప్పు కారుతుంది. చలి రోజుల్లో తోస్తే గానీ కదలదు. ఎడమ అద్దం దిగితే ఎక్కదు. కొనకండి."

ఆయన చిన్నగా నవ్వి, బండి చుట్టూ తిరిగి, ఎడం పక్క వెనక తలుపు దగ్గర ఆగారు.

"ఉండండి, ఆ తలుపు మీకు రా..."

ఆయన మోకాలితో తలుపు అడుగున ఒక్క పోటు పొడిచి, హ్యాండిల్ పైకెత్తి లాగారు. వెన్నలా తెరుచుకుంది.

ఆమె బిగుసుకుపోయింది. బండి ఇంటికొచ్చిన రోజే ఆ తలుపు మొరాయించింది. మొగుడు సరిగ్గా ఇలాగే పొడిచి, ఇలాగే ఎత్తి తెరిచాడు. మా ఆయనంత తెలివైనవాడు లేడని ఆ రోజు పుట్టింటివాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఈ విద్య తామిద్దరికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? ఈ తలుపుతో ఏళ్ల తరబడి కాపురం చేసినవాళ్లకి తెలుస్తుంది!

"మీరా! ఆ పాత ఓనరు మీరా!" గేటు దగ్గరి వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "ఆ మీసాలు నెరిసిందెందుకండీ, కొత్త జంటని నట్టేట ముంచడానికా? నా హనీమూన్ మింగారు, నా సోఫా మింగారు! పట్టుకుని ఈడుద్దామంటే ఆ జుట్టు కూడా లేకపాయె!"

ఆమెకి ఊపిరి అందకపోయేదాకా ఆయన ఓపిగ్గా నిలబడ్డారు.

"అయిందా తల్లీ? నేనేం దాచలేదు. కొన్నతనికి అన్నీ చెప్పాను. క్లచ్ నేడో రేపో అన్నాను. వద్దు బాబూ అని చేతులు పట్టుకున్నాను. ఈ తలుపు తీయడం కూడా దగ్గరుండి నేర్పించాను."

"ఆ బ్రోకరుకా?"

"మధ్యలో బ్రోకరెవరమ్మా? అదిగో, అతనికి!"

మెట్ల దగ్గర మొగుడు. తడి జుట్టు, మెళ్లో తువ్వాలు, చూపు నేల మీద.

"ఎంత చెప్పినా వింటేగా!" అన్నారు మాస్టారు. "'నేను చేసుకోబోయే అమ్మాయి మీ బండిని రోడ్డు మీద చూసి, రంగు భలే ఉందని చప్పట్లు కొట్టిందండీ' అన్నాడు. ఇంకేమనను? నిన్న ఫొటో చూశాక మనసొప్పలేదు. నా తలనొప్పి నేనే తీసుకుపోదామని వచ్చాను."

ఆమె నోటికి ఇన్నాళ్లు కూడబెట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారే వచ్చాయి. వాటిలో మొగుడికి సరిపోయేది ఒక్కటీ దొరకలేదు. విసురుగా వెళ్లి మాస్టారి చేతిలోంచి తాళాలు లాక్కుంది.

"క్షమించండి బాబాయ్ గారూ, బండి అమ్మడం లేదు. రేపు ఆదివారం మేమిద్దరం దీన్లో షికారుకెళ్తున్నాం." కళ్లెర్రజేసి మొగుడి వైపు చూసింది. "నేను తోలతాను. ఈయన తోస్తారు."