ఏసోబు చివరి దారి

కొత్త చట్టం ప్రకారం లైసెన్సు కావాలంటే, బండి ప్రమాదంలో చనిపోయిన ఒకరి చివరి ప్రయాణాన్ని తెరమీద నడిపి, క్షేమంగా ఇంటికి చేర్చాలి. ఒంగోలు శిక్షణ కేంద్రంలో హెల్మెట్లు తుడిచే కరుణమ్మ, తన భర్త ఏసోబు ప్రయాణాన్ని ఈ పరీక్షకు వాడుకోమని వేలిముద్ర వేసి ఇచ్చింది. నెల రోజులుగా తెర ముందున్న బండి ఎవరెక్కినా అదే మలుపులో అదే లారీని గుద్దుకుంటున్నారు. ఆ సమయానికి ఆమె గోడవైపు తిరిగిపోతుంది.

ఈరోజు ఢీకొన్న చప్పుడు రాలేదు. కరుణమ్మ తల తిప్పింది. ఒక అమ్మాయి మలుపుకు ముందే వేగం తగ్గించింది. లారీ దాటిపోయింది. బండి మెల్లగా సందులోకి తిరిగి, కరుణమ్మ ఇంటి నీలం తలుపు ముందు ఆగింది.

"పాసయినట్టేనా అక్కా?" అని అడిగింది అమ్మాయి.

కరుణమ్మ తెర మీదినుంచి చూపు తిప్పలేదు.

"ఇంతసేపు యాడికి పోయావయ్యా?" అంది. "అన్నం చల్లారిపోయింది."