ఆఖరి గుండీ

"గుండీ ఒక్కటే మిగిలింది బాబూ. రేపు రండి."

దర్జీ ఖాదర్ మొహిద్దీన్ ఈ మాట అనడం ఇది పదకొండోసారి.

బంగారయ్యకు ఒళ్ళు మండింది. ఒక్క చొక్కాకు ఇన్ని రోజులా? అనకాపల్లిలో ఇంకో దర్జీ లేడా?

అయినా అలవాటుగా బల్ల మీద కూర్చున్నాడు. గదికి వెళ్ళి చేసేదేముంది గనక.

బంగారయ్యది చీడికాడ దగ్గర పల్లె. చెరకు రైతుల ఇంట్లో పుట్టి, వాల్తేరులో మనస్తత్వశాస్త్రం చదివి, అందులోనే పరిశోధన చేస్తున్నాడు.

కిందటేడు ఈ ఊరి కాలేజీలో అప్పారావు అనే కుర్రాడు ప్రాణం తీసుకున్నాడు. ముందురోజు దాకా నవ్వుతూ తిరిగినవాడే. అలాంటి పిల్లల్ని ముందుగా కనిపెట్టే దారి ఏదైనా ఉందా అన్నదే బంగారయ్య పరిశోధన. 1967 జూలైలో నలభై ప్రశ్నల కాగితాలు మోసుకొచ్చి, బెల్లం మార్కెట్ వెనక ఒక అద్దె గదిలో దిగాడు.

రెండు వందల మంది విద్యార్థులు కాగితాలు నింపారు. నలభైలోనూ అసలు ప్రశ్న ఇరవై ఏడోది. 'బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా?'

రెండు వందల మందీ 'లేదు' అనే రాశారు.

బంగారయ్య నమ్మలేదు. ఎందుకంటే, ప్రశ్నలు ఎలా ఉన్నాయో చూద్దామని మొదటి కాగితం తనే నింపాడు. ఇరవై ఏడో ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగి, చివరికి తనూ 'లేదు' అనే రాశాడు.

ఆ ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కాలేజీ పిల్లలకు అతను కాగితాల మాస్టారు, హోటలువాడికి మూడో బల్ల. ప్రొఫెసరు ఉత్తరాలకు జవాబే రాయడు. ఒక్కోవారం తన గొంతు తానే వినకుండా గడిచిపోయేది. చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం ఎంత బరువో అతనికి అక్కడే తెలిసింది.

అలాంటి రోజుల్లోనే చొక్కా గుడ్డ పట్టుకుని ఖాదర్ మొహిద్దీన్ కొట్టు మెట్లెక్కాడు. కొలతలు తీస్తూ ముసలాయన అందరినీ అడిగేదే అడిగాడు.

"పక్క కుట్టులో రెండంగుళాలు వదలమంటారా బాబూ? వచ్చే ఏడాదికి ఒళ్ళు చేత్తే విప్పుకోవచ్చు."

"వచ్చే ఏడాది మాట ఇప్పుడెందుకు సాయిబు గారూ. వద్దు."

ముసలాయన టేపు మెళ్ళో వేసుకుని, అతని మొహం ఒకసారి చూసి, శుక్రవారం రమ్మన్నాడు. శుక్రవారం వెళ్తే రేపు రమ్మన్నాడు. ఆ రేపు వెళ్తే మళ్ళీ రేపన్నాడు.

వెళ్ళినప్పుడల్లా టీ ఇప్పించేవాడు. ఊరెక్కడ, అమ్మ ఉందా, పొద్దున ఏం తిన్నావు అని ఆరా తీసేవాడు. పూడిమడక నుంచి వచ్చిన కన్నబాబు కూడా పంట్లాం కోసం రోజూ అదే బల్ల మీద తేలేవాడు. పరీక్ష తప్పి, ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక హాస్టల్లో ఉండిపోయిన కుర్రాడు. వాడు సముద్రం కబుర్లు చెప్తుంటే బంగారయ్యకు గంట ఇట్టే గడిచిపోయేది.

కానీ ఆ పదకొండో రోజు ఒక బెల్లం వ్యాపారి వచ్చి, నిన్న ఇచ్చిన గుడ్డకు ఇవాళ లాల్చీ పట్టుకుపోయాడు.

బంగారయ్య దిగ్గున లేచాడు.

"మీ మాటకు విలువ లేదు సాయిబు గారూ. ఆ చొక్కా మీరే తొడుక్కోండి."

"తిట్టండి బాబూ, పరవాలేదు. రేపు మాత్రం రండి."

మర్నాడు అతను వెళ్ళలేదు. కాగితాలన్నీ కట్టగట్టుకుని వాల్తేరు బండెక్కాడు. అక్కడ ప్రొఫెసరు అవి తిరగేసి, వీటిలో ఏమీ తేలలేదని పెదవి విరిచాడు.

పది రోజుల తర్వాత గది ఖాళీ చేయడానికి అనకాపల్లి వచ్చాడు. కాళ్ళు వాటంతటవే కొట్టు వైపు నడిచాయి.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ముసలాయన కూతురు గుల్జార్‌బీ బట్టలు సర్దుతోంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మొన్న మంగళవారం మధ్యాహ్నం నమాజుకు లేవబోయి నాన్న అలాగే ఒరిగిపోయాడని, డాక్టరు వచ్చేసరికే అయిపోయిందని చెప్పింది.

"బంగారయ్య బాబంటే మీరేనా? మీరింకా రాలేదని రోజూ ఇంటికొచ్చి అనేవోరు."

ఆ ఊళ్ళో తన పేరు వినడం అతనికి అదే మొదటిసారి.

ఆమె మూలనున్న చిన్న బీరువా తెరిచింది. అందులో నాలుగే నాలుగు పొట్లాలున్నాయి.

"ఇంటికాడ గుండీలు కుట్టేది నేనే బాబూ. మీ చొక్కాకి ఆ శుక్రవారానికే అన్నీ కుట్టేసేను. వచ్చే ఏడాదికి గుడ్డ వద్దన్నోళ్ళవి మాత్రం నాన్న ఇందులో దాసేసి, రేపు రా అనేవోరు."

"ఎందుకమ్మా?"

"పోయినేడు అప్పారావని కాలేజీ పిల్లాడొకడు అలాగే వద్దన్నాడు. ఆడి చొక్కా సెప్పిన రోజుకే ఇచ్చేసేరు."

బంగారయ్య బీరువాలోని మిగతా పొట్లాల వైపు చూశాడు. కన్నబాబు సంగతి అడిగాడు.

"నిన్న కూడా వచ్చేడు. పంట్లాం తీసుకోమంటే, ఇప్పుడొద్దు, రేపు వత్తానన్నాడు."

ఆమె చొక్కా పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. విప్పి చూస్తే గుండీలన్నీ ఉన్నాయి.

చొక్కా తిరగేసి పక్క కుట్టు తడిమితే, తను వద్దన్న ఆ రెండంగుళాల గుడ్డ, వచ్చే ఏడాదికని, లోపల భద్రంగా మడిచి ఉంది.